కడపలో పాత ఇత్తడికి కొత్త రూపం: ఒక కంచరి అంగడి పనితనంపై సమీక్ష

కడప పాత ఊళ్ళో వై.వి. స్ట్రీట్ నుండి లోపలికి తిరిగే సందుల్లో ఒక కంచరి అంగడి ఉంది. దానికి బోర్డు లేదు. నేల మీద పరిచిన నల్లటి కడప బండలు, గోడ వారగా ఒక కొలిమి, నేలలో పాతిన రెండు ఇనుప మొనలు, చెక్క సుత్తులు, ఇనుప సుత్తులు, తలుపు పక్కన తాడుకు గుచ్చి వేలాడదీసిన పాత చెంబులు అక్కడ కనిపిస్తాయి. సొట్టలు తీసేవాళ్ళు, మాట్లు వేసేవాళ్ళు, కళాయి వేసేవాళ్ళు మన జిల్లాలో ఇంకా అక్కడక్కడ దొరుకుతున్నారు. అయితే ఒక పాత్రను కరిగించకుండా, దాని రేకునే కాల్చి, కోసి, సాగగొట్టి మరొక పాత్రగా మార్చి ఇచ్చే పనిని ఒప్పుకునేవాళ్ళు నాకు తెలిసినంతలో చాలా అరుదు. ఈ అంగడిలో ఆ పని జరుగుతుంది, బాగా జరుగుతుంది. నేను పాలిటెక్నిక్ విద్యార్థులకు లోహశాస్త్రం బోధిస్తాను కాబట్టి పని జరుగుతున్నప్పుడు దగ్గర కూర్చుని చూసే ఆసక్తి నాకు సహజంగానే ఉంది, చూడనిచ్చే ఓపిక ఆ అంగడి నడిపే పెద్దాయనకూ ఉంది. పాత సామాను చేతిలో పెట్టుకొని ఏం చేయాలో తేల్చుకోలేని వారికి ఉపయోగపడుతుందని ఈ సమీక్షను కొంత వివరంగానే రాస్తున్నాను.

మా అత్తగారి ఊరు మైదుకూరు వైపు. అక్కడి పాత ఇంటిని బాగు చేయించినప్పుడు అటక మీది నుండి, పశువుల కొట్టం మూల నుండి చాలా ఇత్తడి సామాను కిందికి దిగింది. అందులో మెడ దగ్గర పగుళ్ళు పట్టిన ఒక పెద్ద బిందె, అడుగున చిల్లిపడి ఎప్పుడో మాటు వేయించిన ఒక గుండిగ, ఒక కాళ్ళ పీట దీపపు సెమ్మె నేను ఈ అంగడికి తీసుకుపోయాను. బిందెతో నీళ్ళు మోసే రోజులు మా ఇంట్లో ఎవరికీ లేవు. కానీ దాని రేకు ఇప్పుడు బజారులో దొరికే బిందెల రేకు కంటే స్పష్టంగా మందంగా ఉంది, చేతి సుత్తి దెబ్బలు ఒకదాని మీద ఒకటి పడిన గుర్తులు పొట్ట చుట్టూ ఇంకా కనిపిస్తున్నాయి. అంతటి రేకును కిలో లెక్కన పాత సామాన్ల వాడికి వేయడం నాకు ఇష్టం లేకపోయింది.

పెద్దాయన మొదట చేసిన పని పాత్రలను పరీక్షించడం. నాకు ఈ అంగడి మీద నమ్మకం కుదిరింది అక్కడే. ప్రతి పాత్రనూ వేలితో మీటి శబ్దం విన్నాడు. సుత్తి దెబ్బలతో గట్టిపడిన ఇత్తడి ఖంగుమని మోగుతుంది, కాలిన ఇత్తడి మొద్దుగా పలుకుతుంది, పగులున్న చోట శబ్దం మధ్యలోనే తెగిపోతుంది. తరువాత అడుగున కనబడని చోట ఆకురాయితో చిన్న గీత గీసి, లోపలి రంగును వెలుతురులో పెట్టి చూశాడు. రాగి పాలు ఎక్కువైతే ఆ గీత ఎర్రబారుతుంది, యశదం (జింకు) పాలు ఎక్కువైతే పసుపు తేలుతుంది. నూటికి డెబ్బై పాళ్ళు రాగి, ముప్పై పాళ్ళు యశదం ఉన్న ఇత్తడి చల్లగా ఉన్నప్పుడే సుత్తికి బాగా సాగుతుంది. యశదం నలభై పాళ్ళ దాకా పోతే వేడి మీద వంగుతుందే గానీ చల్లటి మీద మొండికేస్తుంది. ఈ అంకెలు పెద్దాయన నోట రాలేదు. ఆయన లెక్క అంతా రంగులోనూ శబ్దంలోనూ ఉంది. ఆ లెక్కతో ఆయన చేసిన నిర్ణయాలు మాత్రం పాఠ్యపుస్తకం చెప్పే దానికి ఎక్కడా తేడా రాలేదు.

దీపపు సెమ్మెను ఆయన ముట్టుకోనన్నాడు. "అమ్మా, ఇది పోత. సుత్తి పడితే సాగదు, పగులుతాది. దీన్ని ఇట్లే తోమి పెట్టుకోండి" అని తిరిగి నా చేతికిచ్చాడు. మూసలో కరిగించి అచ్చులో పోసిన ఇత్తడిలో తరచు సీసం కూడా కలిసి ఉంటుంది, దాని నిర్మాణం రేకు నిర్మాణంలా ఉండదు కాబట్టి ఆ మాట నిజం. కూలి వచ్చే పనిని కాదనడం ఏ వ్యాపారికైనా కష్టమే. వచ్చిన ప్రతిదానికీ తల ఊపకుండా, కుదరదన్న దాన్ని కారణం చెప్పి వెనక్కి పంపడం ఈ అంగడికున్న మొదటి గుణమని నేను భావిస్తున్నాను.

గుండిగ విషయంలో ఆయన ఇంకా జాగ్రత్త పడ్డాడు. పాత మాటు బూడిద రంగులో మెత్తగా ఉంది, గోటితో గీస్తే గీత పడింది. అది సీసం కలిసిన మాటు. సీసం, తగరం కలిపిన మాటు లోహం 183 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరగడం మొదలవుతుంది కాబట్టి, గుండిగను కొలిమిలో పెడితే ఆ మాటు ముందుగా కారి మిగతా రేకు మీద పరుచుకుంటుంది. వంట పాత్రలో సీసం ఎంత కొంచెమైనా ఉండకూడదు. అందువల్ల ఆ మాటు ఉన్న అడుగు భాగాన్ని దాని చుట్టూ నాలుగు వేళ్ళ వెడల్పున కోసి పారేసి, పైన మిగిలిన గోడ రేకుతో పళ్ళేలు చేయవచ్చని, వంట గిన్నె మాత్రం చేయనని చెప్పాడు. నేను ఒప్పుకున్నాను. ఆ పళ్ళేలు బాగానే వచ్చాయి, వాటి గురించి ఇంతకంటే చెప్పవలసింది లేదు.

అసలు పని బిందె మీద జరిగింది. బిందె మెడ కింద, భుజం మొదలయ్యే చోట నిలువుగా సన్నటి పగుళ్ళు ఉన్నాయి, పొట్ట, అడుగు మాత్రం చెక్కుచెదరలేదు. కాబట్టి భుజం దగ్గర అడ్డంగా కోసి, కింది సగాన్ని వంట గిన్నెగా మార్చాలని నిర్ణయమైంది. కోత గీత గీయడానికి ఆయన వాడిన పద్ధతి చూడముచ్చటగా ఉంది. కడప బండ మీద ఒక చెక్క దిమ్మె పెట్టి, దాని మీద సూది మొన ఉన్న ఇనుప కడ్డీని కదలకుండా ఒక చేత్తో అదిమి పట్టి, రెండో చేత్తో బిందెను నెమ్మదిగా ఒక చుట్టు తిప్పాడు. సూది ఎత్తు మారదు, బండ సమతలంగా ఉంటుంది కాబట్టి గీత మొదలైన చోటికే వచ్చి కలిసింది. తరువాత రేకు కత్తెరతో గీతకు ఒక వేలెడు పైనే కోశాడు, ఎందుకంటే అంచు మడవడానికి ఆ రేకు కావాలి. కోసిన చోట రేకు మందాన్ని చుట్టూ వేళ్ళతో తడిమి చూసి, పలుచగా ఉన్న ఒక వైపును సుద్దతో గుర్తు పెట్టుకొని, ఆ వైపు తక్కువ దెబ్బలు వేయాలని పక్కనున్న కుర్రవాడికి చెప్పాడు.

ఇక కాల్చడం. ఇత్తడిని ఎన్నిసార్లు కొడితే అన్నిసార్లు గట్టిపడుతుంది, గట్టిపడిన దాన్ని ఇంకా కొడితే చిట్లుతుంది. కాబట్టి సుత్తితో ఒక చుట్టు కొట్టగానే మళ్ళీ కొలిమిలో కాల్చి మెత్తబరచాలి. ఇది అందరికీ తెలిసిన సంగతే అయినా, ఎంత వేడి దగ్గర ఆపాలన్న దానిలోనే పనితనమంతా ఉంది. సుమారు 425 డిగ్రీల నుండి 750 డిగ్రీల మధ్య ఇత్తడి మెత్తబడుతుంది. ఇంకా పైకి పోతే లోపలి రేణువులు పెద్దవై, తరువాత సాగగొట్టినప్పుడు పైభాగం చీనీకాయ తొక్కలాగా గరుకుదేలుతుంది. ఇంకా మించితే యశదం ఆవిరై తెల్లటి పొగగా పోవడం మొదలవుతుంది. ఆ పొగ పీల్చినవాళ్ళకు చలిజ్వరం వంటిది వస్తుంది, పాత్రకూ నష్టమే. ఈ అంగడిలో కొలిమి దగ్గర ఉష్ణమాపకం లేదు. పెద్దాయన కాల్చే పనిని తెల్లవారుజామున గానీ, తలుపు మూసి చీకటి చేసుకొని గానీ చేస్తాడు. "ఎండలో ఎరుపు కండ్లకు కనపడదమ్మా, కనపడే సరికి మించిపోయి ఉంటాది" అన్నాడు. కడప ఎండలో మిట్టమధ్యాహ్నం ఎర్రగా కనిపించే లోహం నిజానికి చాలా ఎక్కువ వేడి మీద ఉంటుంది. చీకట్లో అప్పుడే లేత ఎరుపు తేలీతేలని క్షణంలో పట్టకారుతో తీస్తే సరిపోతుంది. నేను చూస్తున్నప్పుడు బిందె అంచు మీద ఆ ఎరుపు ఒక పక్క నుండి మొదలై చుట్టూ పాకింది. ఆయన పట్టకారుతో పాత్రను తిప్పుతూ, ఎరుపు ఎక్కడ నిలిచిపోతుందనిపిస్తే అక్కడి నుండి మంటను తప్పిస్తూ పోయాడు. తీసిన వెంటనే నీళ్ళలో ముంచాడు. ఉక్కును అలా ముంచితే గట్టిపడుతుంది, ఇత్తడికి ఆ భయం లేదు, మెత్తగానే ఉంటుంది. పైగా నల్లటి పొర చాలావరకు ఆ దెబ్బకే రాలిపోతుంది, మిగిలింది చింతపండు నీళ్ళలో పోతుంది.

అంచును మడిచేటప్పుడు చేసిన మరో పని నన్ను ఎక్కువగా ఆకట్టుకుంది. అప్పటికి గిన్నె అడుగును సుత్తితో సరిచేసి గట్టిపరచడం అయిపోయింది. అంచు ఒక్కటే మెత్తబడాలి, అడుగు గట్టిగానే ఉండాలి. అందుకని ఆయన గిన్నెను ఒక వెడల్పాటి బేసిన్‌లోని నీళ్ళలో కూర్చోబెట్టి, నీటి పైకి కనిపించే అంచుకు మాత్రమే మంట తగిలించాడు. నీళ్ళున్నంత వరకు అడుగు వేడెక్కదు.

ఇదే సూత్రం ప్రపంచంలో మరో చోట, మరింత కచ్చితంగా అమలవుతుంది. డెబ్బై, ముప్పై పాళ్ళ ఇత్తడికి లోహశాస్త్రంలో 'కార్ట్రిడ్జ్ బ్రాస్' అన్న పేరే స్థిరపడింది, ఎందుకంటే తుపాకి తూటాల గుల్లలను ఈ మిశ్రమంతోనే, ఒక చిన్న బిళ్ళను అంచెలంచెలుగా సాగదీసి, మధ్యమధ్యలో కాల్చి తయారుచేస్తారు. అమెరికాలో చట్టం అనుమతించే చోట్ల గురి సాధన చేసేవాళ్ళు పేలిన గుల్లలను పారేయకుండా మరొక కొలతకు మార్చుకుంటారు. 45 మిల్లీమీటర్ల పొడవున్న సైనిక రైఫిల్ గుల్ల పై భాగాన్ని కోసి, మిగిలిన దానితో కొత్త మెడను తయారుచేసి, 35 మిల్లీమీటర్ల '300 బ్లాకౌట్' గుల్లగా మార్చడం వారిలో బాగా వాడుకలో ఉన్న పని. 1906 నాటి 'థర్టీ ఆట్ సిక్స్' గుల్లను 1925లో వచ్చిన 'టూ సెవెంటీ విన్‌చెస్టర్' వంటి దాని కుటుంబంలోని కొలతలకు మార్చడం మరొకటి. అక్కడా మెడకు, భుజానికి మాత్రమే వేడి తగలాలి. వెనుక తల భాగం మెత్తబడితే పేలుడు ఒత్తిడికి అది నిలవదు, కాల్చేవాడి ముఖానికే ప్రమాదం. అందుకే చాలామంది గుల్లలను నీళ్ళ పళ్ళెంలో నిలబెట్టి మెడకు మంట చూపే పద్ధతిని అనుసరించేవారు. పై భాగాన్ని కోసినప్పుడు కొత్త మెడ గుల్ల ఒడలి రేకు నుండి వస్తుంది కాబట్టి, దాని మందాన్ని విడిగా కొలిచి సరిచేసుకోవాలి. మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాల తయారీ నేరం, ఆ పని మన కంచరుల అంగళ్ళకు సంబంధించినది కాదు. కానీ కోయడం, మందం తడిమి చూడటం, అవసరమైన చోటికే వేడి పంపడం, మిగతా చోటును చల్లగా కాపాడటం అన్న క్రమం మాత్రం ఆ గుల్లకూ మా బిందెకూ ఒక్కటే.

పగుళ్ళ సంగతి కూడా చెప్పాలి. బిందె మెడ ఎక్కడా దెబ్బ తిన్నట్టు లేదు, సొట్ట కూడా లేదు, అయినా నిలువు పగుళ్ళు పట్టాయి. పెద్దాయన చూసీచూడగానే "ఇది కొట్టంలో పెట్టిన బిందె గదమ్మా" అని అడిగాడు. నిజమే, అది ఏళ్ళ తరబడి పశువుల కొట్టంలోనే ఉంది. బ్రిటిష్ పాలన కాలంలో మన దేశంలోని సైనిక స్థావరాల్లో ఇదే జరిగింది. వానాకాలంలో గుర్రపుశాలల దగ్గర నిల్వ ఉంచిన తూటాల గుల్లలు వాటంతట అవే పగిలేవి, వానాకాలం పోగానే ఆ బెడద తగ్గేది. గుర్రాల మూత్రం నుండి వెలువడే అమోనియా, గాలిలోని తేమ, గుల్లను సాగదీసినప్పుడు దానిలో మిగిలిపోయిన బిగువు, ఈ మూడూ కలిస్తే ఇత్తడి పగులుతుందని 1921లో శాస్త్రజ్ఞులు వివరించారు. పగుళ్ళు కనిపించిన ఋతువును బట్టి దాన్ని 'సీజన్ క్రాకింగ్' అన్నారు. తయారైన గుల్లకు రూపం చెడకుండా, గట్టిదనం పోకుండా తక్కువ వేడి చూపించి ఆ బిగువును తీసేయడమే దానికి విరుగుడుగా తేలింది. మన బిందెల్లో మెడ భాగమే ఎక్కువగా కుదించి కొట్టినది కాబట్టి బిగువు అక్కడే మిగులుతుంది, పశువుల మూత్రం నుండి అమోనియా కొట్టంలో ఎప్పుడూ ఉంటుంది. అందువల్ల ఇత్తడి సామానును కొట్టంలోనూ, ఎరువుల బస్తాల పక్కనా దాచకండి అని చదువరులకు నా గట్టి మనవి. పగిలిన భాగానికి మాటు వేసినా పక్కనే మరో పగులు తేలుతుంది, కాబట్టి కోసేయడమే సరైన నిర్ణయమని పెద్దాయన అన్న మాటను నేను పూర్తిగా సమర్థిస్తాను.

కాల్చడం పూర్తయ్యాక చివరగా సుత్తితో కొట్టకపోతే గిన్నె మెత్తగా ఉండి, గరిట తగిలినా సొట్టపడుతుంది. ఇక్కడ చివరి చుట్టు దెబ్బలు నున్నటి ముఖమున్న చిన్న సుత్తితో, ఒకదాని అంచును మరొకటి కప్పేటట్టు పడ్డాయి. వేలితో తడిమితే ఆ దెబ్బల వరుస తెలుస్తుంది, కంటికి మాత్రం పొట్ట చుట్టూ మెరుపు అలలు అలలుగా కనిపిస్తుంది. అంచులో ఇత్తడి తీగ పెట్టి దాని మీదికి రేకును మడిచారు కాబట్టి చేతికి కోసుకోదు, నింపిన గిన్నెను రెండు చేతులతో ఎత్తినా అంచు వంగదు. మడత లోపలి వైపు ఒకటి రెండు చోట్ల సరిగా అతుక్కోక సన్నటి సందు మిగిలింది, అందులో పిండి, పప్పు ఇరుక్కుంటాయి. ఆ సందును పూడ్చమని నేను అడిగిన తరువాతే సరిచేశారు. ముందుగానే చూసుకోవలసిన పని అది. అడుగు సమంగా ఉందో లేదో పరీక్షించడానికి గిన్నెను బండ మీద పెట్టి అంచును ఒక పక్క నొక్కి చూపించారు, అది ఊగలేదు. ఇంట్లో గ్యాస్ పొయ్యి మీద కూడా నిలకడగా కూర్చుంటోంది.

కోసి తీసిన పై భాగం కూడా వృథా పోలేదు. పగుళ్ళున్న మెడను తీసేసి, భుజం రేకును వలయంగా మలిచి, రెండు అంచులూ లోపలికి మడిచి, కుదురు చేసిచ్చారు. కొత్త గిన్నెను దించి పెట్టడానికి అది సరిగ్గా సరిపోయింది. నేను అడగకుండానే చేసిన పని ఇది. ఉన్న రేకును చూసి దానిలో ఏ పాత్ర ఒదుగుతుందో ఊహించగలగడం కంచరి పనిలో పెద్ద విద్య. శ్రీకాకుళం జిల్లా బుడితి ఇత్తడి పనికి, తెలంగాణలో పెంబర్తి రేకు పనికి భౌగోళిక గుర్తింపు దక్కడం సంతోషించవలసిన విషయమే. ఇళ్ళలో వాడే పాత్రలను బతికించే ఇటువంటి పనివాళ్ళకు మాత్రం ఏ గుర్తింపూ లేకపోవడం నాకు బాధగా ఉంది.

కళాయి విషయంలో నాకు కొన్ని అభ్యంతరాలున్నాయి. ఇత్తడి గిన్నెలో పులుసు, పెరుగు, టమోటా వంటి పుల్లటివి కళాయి లేకుండా వండితే రాగి ఆహారంలోకి దిగుతుంది, కిలుము పడుతుంది. కాబట్టి వంట గిన్నెకు కళాయి తప్పనిసరి. ఈ అంగడిలో కళాయి వేయరు. పక్క సందులోని మరొకరి చేత వేయించి ఇస్తారు. ఆ పనిని కూడా నేను నిలబడి చూశాను. గిన్నెను వేడి చేసి, నవాసారం పొడి చల్లి, తగరం కడ్డీని తాకించి, కరిగిన తగరాన్ని దూది ఉండతో చకచకా లోపలంతా పరిచారు. పని చేతివాటం బాగుంది. అయితే వాడే తగరం ఎలాంటిదన్నది ముఖ్యం. సీసం కలిసిన చౌక కడ్డీలు బజారులో ఉన్నాయి. స్వచ్ఛమైన తగరం కడ్డీని చెవి దగ్గర పెట్టి వంచితే కిరకిరమని సన్నటి శబ్దం వినిపిస్తుంది. సీసం పాలు ఎక్కువగా ఉన్న దాన్ని తెల్ల కాగితం మీద గీస్తే పెన్సిల్ గీత వంటి బూడిద రంగు చార పడుతుంది. ఈ రెండు పరీక్షలూ నన్ను చేయనిచ్చారు, కడ్డీ రెండింటిలోనూ నెగ్గింది. అడగని గ్రాహకుడికి కూడా ఇదే కడ్డీ వాడతామని కళాయి వేసే ఆయన చెప్పాడు. అయినా అడిగి, చూసి, వేయించుకోవడమే మంచిది, తగరం ఖర్చు కొంత ఎక్కువైనా వెనుకాడవద్దు. తగరం 232 డిగ్రీల దగ్గర కరుగుతుంది కాబట్టి కళాయి వేసిన గిన్నెను ఖాళీగా పొయ్యి మీద పెట్టకూడదు, చెక్క తెడ్డుతో కలపాలి, ఇనుప పీచుతో తోమకూడదు. కళాయి వేసేటప్పటి ఆ వేడి గిన్నెలో మిగిలిన బిగువును కొంతైనా తగ్గిస్తుందని నా అభిప్రాయం. పాతకాలపు కళాయి గిన్నెలు అంతకాలం పగలకుండా నిలవడంలో దాని పాలు కూడా ఉండవచ్చు.

గిన్నెలో రాగి సంగటి, పప్పు, బెల్లం పొంగలి వండి చూశాను. రేకు మందంగా ఉండటంతో అడుగంటడం తక్కువ, పొయ్యి ఆపిన తరువాత కూడా వేడి చాలాసేపు నిలుస్తుంది. సంగటి గెలికేటప్పుడు గిన్నె పక్కకు జరగకుండా ఉండే బరువు దానికి ఉంది. బజారులో యంత్రం మీద తిప్పి ఒత్తిన పలుచటి గిన్నెలతో పోల్చడానికే వీలు లేదు.

ఖర్చు విషయానికి వస్తే, కొత్తగా అంత మందం రేకుతో గిన్నె కొనాలంటే అయ్యే దానిలో సగం కంటే తక్కువకే మజూరి, కళాయి కలిపి పని పూర్తయింది. ఊళ్ళోని ఒక పాత్రల దుకాణంలో బిందెను ఇచ్చి కొత్తది తీసుకునే లెక్క కూడా అడిగి చూశాను. పాత ఇత్తడికి ఒక ధర, కొత్తదానికి మరో ధర, మధ్యలో తరుగు పేరుతో కోత, చివరకు చేతికి వచ్చేది పలుచటి పాత్ర. మంచి రేకు ఉన్నవారికి ఆ మార్పిడి నష్టమే. సామాను పలుచగా ఉండి, చాలాచోట్ల మాట్లు పడి ఉంటే మాత్రం అక్కడ ఇచ్చేయడమే లాభం, ఈ అంగడిలో కూడా మీకు అదే చెబుతారు.

లోపాలు లేకపోలేదు. చెప్పిన తేదీకి పని పూర్తి కాలేదు, ఒకసారి కాదు, మాట మారుతూనే వచ్చింది. పెళ్ళిళ్ళ కాలంలో గుండిగలు, రంజాన్‌కు ముందు పెద్ద పెద్ద డేగిసాలు కళాయికి, బాగుకు వస్తాయని, అప్పుడు చిన్న పనులు వెనక్కి పోతాయని వారు చెప్పారు. అది నిజమే కావచ్చు, అయితే ఆ మాట సామాను తీసుకునే రోజే చెప్పి ఉంటే గ్రాహకుడు వృథాగా తిరగడు. సామాను ఇచ్చినప్పుడు రసీదు ఇవ్వరు, తూకం వేయరు. కోసిన ముక్కలు ఎవరివన్న మాట తేల్చుకోకపోతే అవి అక్కడే ఉండిపోతాయి. నేను అడగగానే మారు మాట లేకుండా ఇచ్చారు, కానీ అడగని వాళ్ళ సంగతేమిటన్న సందేహం నాకు ఇంకా ఉంది. కాబట్టి ముందే మీరే తూకం వేయించుకొని, పాత్రలను ఫోన్లో ఫోటో తీసుకొని వెళ్ళండి. మరొక సంగతి, కొలిమి గదిలో గాలి ఆడదు. చీకటి కోసం తలుపు మూయడం వల్ల పొగంతా లోపలే తిరుగుతుంది. పై కప్పుకు ఒక పొగ గొట్టం, దానికి ఒక ఫ్యాన్ పెడితే వెలుతురు రాకుండానే పొగ పోతుంది. ఆ మాట పెద్దాయనతోనూ చెప్పాను, కుర్రవాడు అక్కడే పనిచేస్తున్నాడు కాబట్టి మళ్ళీ చెబుతాను కూడా.

మెరుగు విషయంలో కూడా ఎక్కువ ఆశించవద్దు. తరిమెన పట్టించి అద్దంలా మెరిపించే పని ఇక్కడ లేదు. చింతపండు, ఇటుక పొడితో తోమి ఇస్తారు, సుత్తి గుర్తులు అలాగే ఉంటాయి. నాకు అవే నచ్చాయి. నున్నగా, తళతళలాడుతూ ఉండాలనుకునే వారు వేరే చోట మెరుగు పెట్టించుకోవలసి ఉంటుంది, అప్పుడు రేకు కొంత అరుగుతుంది.

వెళ్ళదలచిన వారు ఉదయం పూటే వెళ్ళాలి. మధ్యాహ్నం కొలిమి ఆపేస్తారు, పెద్దాయన ఉండడు, కుర్రవాడు సామాను తీసుకుంటాడు గానీ ఏ పాత్ర మారుతుందో, ఏది మారదో తేల్చి చెప్పలేడు. బిందె, కాగు, గంగాళం, గుండిగ వంటి కొట్టి చేసిన రేకు సామాను తీసుకుపోండి. గంటలు, సెమ్మెలు, విగ్రహాలు, కంచు పళ్ళేలు తీసుకుపోవద్దు, కంచు తగరం కలిసిన లోహం, దాని పద్ధతి వేరు, ఈ అంగడిలో ఆ పని చేయరు. ఏ పాత్ర కావాలో మీరే నిర్ణయించుకొని పోవడం కంటే, ఉన్న రేకును ఆయన ముందు పెట్టి ఇందులో ఏమి వస్తుందని అడగడం మేలు. నేను బిందెను గిన్నె చేయించాలనే అనుకొని వెళ్ళాను, కుదురు మాత్రం ఆయన ఆలోచనే. మా ఇంట్లో ఇంకా ఒక పెద్ద కాగు ఉంది. దాని అడుగు మంచి మందం, పొట్ట మీద పెద్ద సొట్టలున్నాయి. పెళ్ళిళ్ళ కాలం అయ్యాక తీసుకురమ్మన్నాడు.